ఇష్టమున్నోళ్లకే గుండె పరీక్ష

హాజరేసే మస్టర్ రూం గోడకు ఆ కాయితం అంటిచ్చి అప్పటికి నాలుగు రోజులైంది. ఆదివారం కాలనీ కమ్యూనిటీ హాల్ల గుండె పరీక్షల క్యాంపు. కరీంనగర్ నుంచి డాక్టర్లొస్తరు, మిషన్లు తెస్తరు, కార్మికులకు, వాళ్ల ఇంటోళ్లకు ఒక్క పైస ఖర్చు లేదు. అన్నీ రాసి కింద లావు అక్షరాలతోని ఇంకో మాట రాసిండ్రు: ఇష్టమున్నోళ్లకే.

ఇష్టమున్నోళ్లకేనట! బొగ్గుబాయి మీద ఆ మాట రాసిన కాయితం ఎవ్వడన్న ఎన్నడన్న సూసిండా? డ్యూటీ ఇష్టమున్నోళ్లకే అని ఒక్కనాడు రాసి సూడుండ్రి, బాయిల దిగెటోడు ఒక్కడుండడు. అందుకే ఆ కాయితం కాడ నిలబడి అందరు ఒకటే నవ్వుడు. "అరేయ్ పోశం, నీకసలు గుండె ఉన్నదారా, పరీక్ష చేపిచ్చుకుంటానంటున్నవ్?" అంటె, "ఉండె బావా, పెండ్లినాడు మీ చెల్లెకిచ్చిన, ఆమెనే అడుగు" అని పోశం. నవ్వెటోళ్లు నవ్వుతున్నరు, పేరు రాపిచ్చుకునేటోళ్లు రాపిచ్చుకుంటున్నరు.

సదయ్య మాత్రం ఆ ఆఖరి మాట దాక సదివి, అమ్మయ్య అని ఊపిరిడిసి, దీపం తీస్కొని బాయిల దిగిండు. మూడేండ్ల కింద ఇట్లనే క్యాంపు పెడితె అప్పుడు గూడ పోలే. "బిక్షమన్న బుగులుపడ్తుండు" అని తోటోళ్లు ఎక్కిరిచ్చిండ్రు. బుగులే, అబద్ధమెందుకు. కాని వాళ్లనుకున్న బుగులు గాదు.

బిక్షమన్న అనంగనే ఇంకెవరో అనుకునేరు. సదయ్యే బిక్షం. ఊళ్లె, ఇంట్ల సదయ్య. బాయి మీద, బ్యాంకుల, బిడ్డ సర్టిఫికెట్లల్ల బిక్షం. ఈ గోదావరిఖని దిక్కు ఇదేం వింత ముచ్చట గాదు. ఆ కాలంల అన్న కాయితం మీద తమ్ముడు, మామ కాయితం మీద అల్లుడు ఎంతమంది దిగలే! మారుపేరోళ్లంటరు. ఒకని పేరు మీద ఇంకొకడు చెమటోడ్సి, ముసలోడై, పించిని గూడ తీస్కొని పోయినోళ్లున్నరు. దొరకనంత కాలం దొరలే. దొరికితె మాత్రం ముత్యం గతే. ముత్యం పక్క బాయిల పంపు నడిపేటోడు. రిటైరై దిగిపోవుడు ఇంక మూడు నెల్లున్నదనంగ ఎవడో కడుపుమంటోడు పిటిషన్ పెట్టిండు. ఎంక్వైరీ అయింది, ఇంటికి తోలిండ్రు. ముప్పై ఏండ్ల కష్టం ఏట్ల కలిసింది. ఇప్పుడు చౌరస్తల నిలబడి కనపడ్డోనికల్ల తన అసలు పేరు చెప్తుండు, పాపం.

సదయ్యకింక ఆరేండ్ల సర్వీసున్నది. నిజానికి తొమ్మిదుండాలె. కాని బిక్షం ఆయన సొంతన్న, మూడేండ్లు పెద్ద. సచ్చినోని పేరుతోని పాటు వాని వయసు గూడ మోసుడాయె. కంపెనీ కాయితాలల్ల ఉన్నది ఒక్క బిక్షమే, వానికి అన్నదమ్ములు లేరు. భార్య సారక్కకు పేరు మార్చిన ముచ్చట తెలుసు. అన్నను పొలం కాడ పురుగు ముట్టిందని, అంటే పాము కరిచిందని, అత్త చెప్పిన మాట తెలుసు. అంతకుమించి ఎవ్వలికి తెల్వదు. సకల జనుల సమ్మె అయి ఏడాది గావొస్తున్న ఆ రోజులల్ల, తల్లి గూడ పోయినంక, అసలు సంగతి తెలిసినోడు భూమ్మీద సదయ్య ఒక్కడే.

శుక్రవారం పొద్దుగాల రాత్రి షిఫ్టు దిగి వస్తుంటె, బస్సు స్టేడియం కాడ ఆగింది. బిడ్డ ఉరుకుడు ఎట్లున్నదో సూసిపోదమని దిగిండు. సంధ్యారాణికి ఇరవై ఒకటి. డిగ్రీ అయింది, పోలీసు నౌకర్లు పడ్డయి. రెండేండ్ల సంది కోడి కూయకముందే లేసి బూట్లు కట్టుకొని ఉరుకుతది. తల్లి ఉడకబెట్టిన గుడ్లు పెడ్తది, తండ్రి బూట్లు కొంటడు. మంగళవారం కరీంనగర్ల పరుగు పరీక్ష. అందులో గెలిస్తె సగం నౌకరొచ్చినట్టే.

సదయ్య పోయేసరికి ఆఖరి రౌండు అయిపోయింది. మిగిలిన పిల్లలు నడుముల మీద చేతులేసుకొని అటిటు తిరుగుతున్నరు. సంధ్యారాణి మాత్రం గోడ పక్కన గొంతుకూసున్నది. ఎడమ చెయ్యి ఛాతి మీద ఒత్తిపట్టుకొని, తల రెండు మోకాళ్ల నడుమ పెట్టుకొని కూసున్నది. సదయ్య దగ్గరికి పోయి, "ఏమైంది బిడ్డా?" అన్నడు.

పిల్ల తలెత్తింది. పెదవులు నల్లవడ్డయి. అయినా నవ్వుకుంట, "ఏం లేదు బాపు, ఊపిరి మల్లొస్తది" అన్నది.

సదయ్య చేతిల టిఫిన్ డబ్బ జారి కిందవడ్డది. ఆ కూసునుడు, ఆ చెయ్యి, ఆ నవ్వు, ఆ మాట. ఊపిరి మల్లొస్తది. అక్షరం పొల్లువోలే. ఈ పిల్ల పుట్టకముందు పదకొండేండ్ల కింద పోయినోని మాట ఈ పిల్ల నోట్లెకెట్లొచ్చింది? ఫొటో గూడ లేకపాయె వానిది ఇంట్ల. ఎవ్వలు చెప్పిండ్రు ఈమెకు?

ముప్పై రెండేండ్ల కిందటి ముచ్చట అది. మంథని అవతల ఊరు. తండ్రి లేని ఇల్లు, తల్లి పూలమ్మ, ఇద్దరు కొడుకులు. పెద్దోనికి బొగ్గుబాయి పిలుపొచ్చింది. ఇసుక బస్తా భుజాన ఏసుకొని గ్రౌండు చుట్టు ఉరకాలె, ఉరికినోనికి నౌకరి. పోయే ముందు దినం బిక్షం తమ్మున్ని పొలం గట్టు మీదికి పిలిచిండు. "తమ్మీ, నా తోని గాదురా. ఉరికితె లోపట కోడిపిల్ల కొట్టుకున్నట్టయితది, కండ్లకు చీకట్లొస్తయి. అవ్వకు చెప్పకు. నా పేరు చెప్పి నువ్వు ఉరుకు. ఇద్దరి మొకాలు ఒక్కతీర్గనే ఉంటయి, ఎవడు సూడొచ్చిండు? ఒక్క గంట పని" అన్నడు.

సదయ్యకప్పుడు పంతొమ్మిదేండ్లు. అన్నకు నౌకరి, తనకు నాగలి అని లోపల లోపల కుతకుతలాడుతున్నడు. "నౌకరి నీకు, ఉరుకుడు నాకా?" అన్నడు. అంతే. ఆ ఒక్క మాట. అన్న నవ్విండు.

తెల్లారి బిక్షమే ఉరికిండు. సదయ్య గ్రౌండు అంచున నిలబడి సూసిండు. ఉరికి, బస్తా దించి, గొంతుకూసొని, ఎడమ చెయ్యి ఛాతి మీద ఒత్తిపట్టుకున్నడు. తమ్ముడు పోతె తలెత్తి, "ఏం లేదురా, ఊపిరి మల్లొస్తది" అన్నడు. నౌకరికి తీస్కున్నరు గూడ. మూడో దినం బర్రె తాడు తెంపుకుంటె దాని ఎనక ఉరికి, మడి అంచుకు బొక్కబోర్ల పడ్డడు. మల్ల లేవలే.

గుండెల రోగమున్న ఇల్లని పేరువడితె ఇంకో కొడుక్కు పిల్లనెవలిస్తరు? పూలమ్మ నలుగురిల పురుగు ముట్టిందని ఏడ్చింది. పద్దెనిమిది దినాలకు డ్యూటీల చేరమని కాయితమొచ్చింది. ఆమె ఆ కాయితం సదయ్య చేతిల పెట్టి, "ఇయ్యాల్టి సంది నువ్వే బిక్షం. నాకు ఒక్కడే కొడుకు, ఎవలడిగినా గదే చెప్పు" అన్నది. కండ్లల్ల నీళ్లు గూడ లేవు. ఒక్క గంట ఆ పేరు మోయనన్నోడు, ఇగ ముప్పై రెండేండ్లు మోసిండు.

ఇంటికొచ్చినంక సదయ్య అన్నం ముట్టలే. "ఆదివారం క్యాంపుకు పోదాం. సంధ్యకు గుండె పరీక్ష చేపిద్దాం" అన్నడు.

సారక్క చేతిల గరిట ఆగింది. "పరుగు ముంగట దవాఖాన మొకమేందయ్యా? నిండుగున్న పిల్లకు లేని రోగం అంటగడ్తవా? ఏదో ఉన్నదని ఒక్క కాయితం పుట్టిందంటె రేపు సంబంధాలొస్తయా?"

సరిగ్గ తన తల్లి మాటే. సదయ్య బిడ్డ దిక్కు సూసిండు. "ఎన్నటి సంది అట్లయితుంది బిడ్డా?"

"ఎప్పుడో ఓసారి. అందరికైతది బాపు, ఉరికితె ఆయాసం రాదా?" సంధ్యారాణి మొకం మాడ్సుకున్నది. "ఏదన్న రాసిండ్రనుకో, మంగళవారం నన్ను గీత మీద గూడ నిలబడనియ్యరు. రెండేండ్లు ఉరికిన. అయినా నువ్వేమో ఇష్టమున్నోళ్లకే అని మూడేండ్ల సంది తప్పిచ్చుకుంటవ్, నన్నెందుకు పొమ్మంటున్నవ్?"

"నీ మాట వేరు, నా మాట వేరు."

"ఎట్ల వేరు?"

ఎట్ల వేరో నాలుక చివరి దాక వచ్చింది. చెప్పాలంటె అన్న ఎట్ల పోయిండో చెప్పాలె. అది చెప్తె ఉరకమని బతిమిలాడిండని చెప్పాలె. అది చెప్తె తనేమన్నడో చెప్పాలె. బిడ్డ ముంగట ఆ మాట అనాలంటె నోరెట్ల లేస్తది? మింగలేక కక్కలేక లేసి పోయి మంచంల పడ్డడు. పడ్డడన్న మాటే గని కన్ను మూసింది లేదు.

ఆ మర్నాడు షిఫ్టు మారింది, రెండో షిఫ్టు. సదయ్య బాయిల హాలర్ నడుపుతడు. ఇనుప తాడుతోని బొగ్గు డబ్బాలను కిందికెళ్లి పైకి గుంజే మిషనది. గంట మోగితె నడపాలె, మల్ల మోగితె ఆపాలె. మిషన్ ఆగినంక బాయిల ఉండే సప్పుడులేనితనం పైన ఎక్కడ దొరకది. ఆ సప్పుడులేనితనంల ఆయనకు ముప్పై రెండేండ్ల సంది ఒక్కటే వినపడ్తది, ఎవరో ఉరుకుతున్నట్టు. ఉత్త కాళ్లతోని, బరువు మోసుకుంట, దూరం నుంచి దగ్గరికి. దగ్గరికి రానే వస్తయి అడుగులు, అంతల గంట మోగుతది, మిషన్ నడుస్తది, అవి ఆగిపోతయి. కొత్తల పోచమ్మకు కోడిని కోసిండు, తాయెత్తు కట్టిచ్చుకున్నడు. పోలే. పోకుంటె పోనీ, ఇంట్ల ముసలోని దగ్గు లెక్క పడుండనీ అని అలవాటు చేసుకున్నడు.

శనివారం నాడు ఆ అడుగులు మారినయి.

ఉత్త కాళ్లు గాదు, బూట్లు. బరువు లేదు. తేలికగ, ఒక్క లెక్కల, టకటకమనుకుంట వస్తున్నయి. రోజు పొద్దుగాల స్టేడియం పక్కకెళ్లి పోతుంటె వినే సప్పుడే. వాటెనక కొంచెం దూరంల ఆ పాత ఉత్త కాళ్లు గూడ ఉన్నయి. తరుముతున్నట్టు గాదు, ఆపుదామని ఉరికి అందలేనట్టు. కింద గంటలు మోగినయి. మల్ల మోగినయి. చెయ్యి హ్యాండిల్ మీదనే ఉన్నది గని కదల్లే. కిందికెళ్లి పని చేపిచ్చే సర్దారు తిట్టుకుంట ఎక్కొచ్చిండు. "నిద్రవోతున్నవా బిక్షమన్నా? ఎన్నిసార్లు కొట్టాలె?"

"ఎవరో ఉరుకుతున్నరు" అన్నడు సదయ్య.

"బాయిల ఉరికేదెవడే, ఎలుకలు తప్ప?" సర్దారు దీపం మొకం మీదికి కొట్టి సూసి, తిట్టుడు బంద్ చేసిండు. "పానం మంచిగలేకుంటె పైకి పో అన్నా, నేను చెప్పుకుంట."

సదయ్య పైకి పోలే. షిఫ్టు అయ్యేదాక అక్కడనే కూసొని, ఆదివారం ఏం చెయ్యాలో ఒక్కటి మనసుల అనుకున్నడు. నిజం చెప్పుడు గాదు. అంత ధైర్యం ఎక్కడిది! ఉపాయం.

"నాకు బీపీ సూపిచ్చుకునేదున్నది, తోడు రాండ్రి" అని సారక్కను, బిడ్డను షేర్ ఆటో ఎక్కిచ్చుకొని పోయిండు. హాలు నిండ జనం. ఫ్యాన్లు తిరుగుతున్నయి, గాలి మాత్రం లేదు. తొవ్వ మొదట్లనే టేబులేసుకొని చక్రపాణి కూసున్నడు. వెల్ఫేర్ ఆఫీసుల క్లర్కు, తెనాలి దిక్కోళ్లు, తండ్రి కాలంల ఇక్కడికొచ్చి స్థిరపడ్డరు. మనిషి మంచోడే, కాని బాయి మీద ఎవని సర్వీసు కాయితాలైనా ఆయన చేతుల మీదికెళ్లే పోవాలె. ఎవని పుట్టినరోజెప్పుడో, ఎవనికెంతమంది అన్నదమ్ములో పుస్తకం తెరవకుండ చెప్తడు.

"రండి బిక్షం గారూ, ఇన్నాళ్లకు ధైర్యం చేశారు" అని నవ్విండు. సదయ్య ముందుగాల బిడ్డ పేరు రాపిచ్చిండు. వచ్చినంక ఎట్లయినా ఒప్పుకోకపోతదా అని ఆయన ఆశ. సంధ్యారాణి కండ్లెర్రజేసింది గని, నలుగురిల తండ్రిని ఎదిరియ్యలే. చక్రపాణి ఫారం నింపుకుంట వచ్చి, ఒక కాడ ఆగిండు. "మీ కుటుంబంలో చిన్న వయసులో గుండె జబ్బుతో గానీ, ఉన్నట్టుండి గానీ పోయినవాళ్లున్నారా? మీకు అన్నదమ్ములు లేరు కదండీ, మీ అమ్మగారికి మీరొక్కరే."

పెన్ను కాయితం మీద నిలబడ్డది. ఉన్నడు అనాలె. మూడక్షరాలే. ఉన్నడంటె, ఎవడాయన, పేరేంది, పుస్తకంల ఎందుకు లేడు అంటడు. సదయ్య కండ్లల్ల ముత్యం మెదిలిండు, చౌరస్తల నిలబడి కనపడ్డోని చెయ్యి పట్టుకునే ముత్యం.

"లేరు" అన్నడు.

ఆ ఫారం పట్టుకొని పిల్ల లోపటికి పోయింది. తీగలంటిచ్చి ఈసీజీ తీసిండ్రు. డాక్టరమ్మ సుప్రజ, ముప్పై ఏండ్లుంటయేమో, ఆ గీతల కాయితాన్ని కొంచెంసేపు పట్టుకొని సూసింది. "చిన్న తేడా కనిపిస్తోంది. రోజూ పరిగెత్తే పిల్లల్లో ఇలా ఉండొచ్చులే. పరిగెత్తేటప్పుడు కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి ఉందా?"

"లేదు మేడం" అన్నది సంధ్యారాణి. తండ్రి బిడ్డలు ఇద్దరు ఒక్కటే పాఠం సదువుకున్నట్టు.

"ఇంట్లో కూడా ఎవరూ లేరని రాశారు." డాక్టరమ్మ ఎనక తెర దిక్కు సూపిచ్చింది. "అక్కడ ఎకో మిషన్ ఉంది, గుండెను లోపలిదాకా చూడొచ్చు. చేయించుకుంటే మంచిదే, కానీ ఒక్కటే మిషన్, వందమంది ఉన్నారు, సాయంత్రం దాకా కూర్చోవాలి. మీ ఇష్టం."

మీ ఇష్టమట! "వద్దు మేడం" అన్నది పిల్ల. "సూసినవా, ఏం లేదన్నరు. పా అవ్వా" అని సంతోషంతోని బయటికొచ్చింది. సదయ్య ఎనకనే ఎల్లిండు. నా ఉపాయం మన్నుగాను అనుకుంట మెట్ల మీద నిలబడ్డడు. అటు రోడ్డు మీద షేర్ ఆటో కదుల్తున్నది. "ఆపు, ఆపు!" అని సంధ్యారాణి మెట్లు దిగి ఉరికింది.

బూట్ల సప్పుడు. తేలికగ, ఒక్క లెక్కల, టకటకమనుకుంట.

ఆ ఎనక, సదయ్య పక్కకెళ్లే, ఉత్త కాళ్ల సప్పుడు. ఇన్నేండ్లల్ల బాయి దాటి బయటికి రాని సప్పుడది. పట్టపగలు, ఎండల, అంతమంది జనంల.

"అన్నా! ఉరకకు! ఉరకకే అన్నా, నేనురుకుత!"

హాలు హాలంత తిరిగి సూసింది. ఒంటరి కొడుకని అందరికి తెలిసిన బిక్షం, కూతురెనక చేతులు సాపుకొని, అన్నా అన్నా అని ఒర్లుతున్నడు. సంధ్యారాణి రోడ్డు మీద ఆగిపోయింది. ఆటో ఎల్లిపోయింది. సదయ్య పోయి పిల్ల రెక్క పట్టుకొని గుంజుకొచ్చిండు, లైన్ల ఉన్నోళ్లను దాటుకుంట డాక్టరమ్మ టేబుల్ ముంగట నిలబెట్టిండు.

"అమ్మా, నేను అబద్ధం రాపిచ్చిన. నాకు అన్న ఉండె. ఇరవై రెండేండ్లకే ఉరికి పడి సచ్చిండు. పురుగు ముట్టలే, ఏం ముట్టలే. ఉరికితె కండ్లకు చీకట్లొస్తయని నాతోని చెప్పిండు. నా బదులు ఉరుకురా తమ్మీ అని బతిమిలాడిండు. నౌకరి నీకు, ఉరుకుడు నాకా అన్న. ఉరికి నౌకరి తెచ్చిండు, సచ్చిండు. ఆ నౌకరి నేను చేస్తున్న. బిక్షం ఆయన పేరు, నా పేరు సదయ్య."

పక్క టేబుల్ కాడ చక్రపాణి ఇన్నడు. ఇనకుండ ఎట్లుంటడు, హాలంత ఇన్నది. పెన్నుకు మూత పెట్టి, లేసి, ఎవ్వలి దిక్కు సూడకుండ బయటికి నడిసిండు. చాయ తాగనీకి పోయిండో, ఆఫీసుకు పోయిండో ఎవలికెరుక. సదయ్య ఆ దిక్కు సూడ గూడ సూడలే.

"మీ నాన్నగారు?" అనడిగింది డాక్టరమ్మ.

"నాకు నాలుగేండ్లప్పుడు నాగలి కాడ పోయిండు. గాలి సోకిందన్నరు."

డాక్టరమ్మ పిల్ల చెయ్యి పట్టుకొని తనే తెర ఎనకకు తీస్కపోయింది. వందమంది లైన్ల ఉన్నరు గద, ఒక్కరు గూడ మేం ముందన్నోళ్లు లేరు. పోశం నెత్తి గోక్కుంట సదయ్యకు కుర్చీ జరిపిండు.

సారక్క మొగని ముంగటికొచ్చింది. "ఇరవై ఆరేండ్లు ఒక్క కంచంల తిన్నం. పురుగు, పురుగు అని అత్త చెప్పె, నువ్వు తల ఊపితివి. నీ నోట్ల మన్ను వడ! పిల్లకు గుడ్లు ఉడకబెట్టి ఉరకమని తోలిన గదయ్యా నేను, ఈ చేతులతోని" అని కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సింది.

అరగంటకు పిలిచిండ్రు. మంచం మీద సంధ్యారాణి లేసి కూసున్నది. డాక్టరమ్మ మెల్లగ చెప్పింది. గుండె గోడ ఒక పక్క ఉండాల్సినదానికంటే మందంగ ఉన్నది. పుట్టుకతోని రక్తంల వచ్చేది. మందులున్నయి, జాగ్రత్తగుంటె నిండు నూరేండ్లు బతకొచ్చు. ఇంకోసారి పెద్ద దవాఖానల సూపిచ్చుకోవాలె. కాని మంగళవారం మాత్రం ఉరకొద్దు. మంగళవారమే గాదు, ఎన్నడు ఉరకొద్దు.

సంధ్యారాణి ఏడ్వలే. కాళ్లకున్న బూట్ల దిక్కు సూసుకున్నది, మల్ల తండ్రి దిక్కు సూసింది. ఆ సూపు సదయ్య సచ్చేదాక మర్సిపోడు.

"ఇంత తెల్సి, నన్ను రెండేండ్లు ఉరకనిచ్చినవా బాపు?"

మొన్న దాక నీకిట్లయితదని తెల్వదు అని చెప్దమనుకున్నడు సదయ్య. నిజం గూడ అదే. కాని తన రక్తమని తెల్వదా, అడగాలని తెల్వదా? పొద్దున లేరని రాపిచ్చింది ఎవరు? "ఔ బిడ్డా" అన్నడు. "ఆయనను గూడ ఉరకనిచ్చిన. నిన్ను గూడ."

డాక్టరమ్మ మిషన్ తుడుచుకుంట అన్నది. "ఇది మీ వైపు నుంచే వచ్చింది సదయ్య గారూ. మీరూ చేయించుకోండి, ఇప్పుడే చూస్తాను."

ముప్పై రెండేండ్లల్ల హాజరు బిళ్ల మీద, జీతం కాయితం మీద సదయ్య అని రాసినోడు లేడు, ఆ పేరుతోని నోరారా పిలిచిన ఆఫీసు మనిషి లేడు. అయినా సదయ్య రెండడుగులు ఎనకకేసిండు. "ఇష్టమున్నోళ్లకే గదమ్మా. నాకిష్టం లేదు."

"ఎందుకు?" అన్నది సంధ్యారాణి. గొంతు కరుకుగున్నది. "రోగమున్నదని తేలుతదని బుగులా?"

"గాదు బిడ్డా." అన్నడు సదయ్య. "మంచిగున్నదని తేలుతదని. నాది గూడ అన్నది అసొంటిదే అయ్యుంటది, నేనురికినా నేను పోతుంటి, ఎవలమో ఒకలం పోవుడే రాసిపెట్టున్నదని అనుకుంట ఇన్నేండ్లు అన్నం తిన్న. అట్లనే ఉండాలని దేవునికి మొక్కిన. ఎవడన్న గుండెల రోగముండాలని మొక్కుతడా? నేను మొక్కిన. ఇప్పుడు ఈ మిషన్ల నాది ఇనుపగుండె అని వస్తె? ఉరకగలిగినోడు గట్టు మీద నిలబడి, ఉరకలేనోన్ని ఉరికిచ్చిండని వస్తె? నేనెట్ల బతకాలె బిడ్డా?"

సారక్క ఏడుపు ఆపింది. డాక్టరమ్మ మొకం తిప్పుకున్నది. సంధ్యారాణి తండ్రి దిక్కు తిరిగింది. కోపం పోయిందని గాదు. అంత జల్ది ఎట్ల పోతది? మంచం దిగి, బూట్లు విప్పి, ఉత్త కాళ్లతోని దగ్గరికొచ్చింది.

"మంచిగున్నదని వస్తె, నౌకరి మిగిల్తె నౌకరి చేసి, ఊడితె కూలి చేసి నన్ను సాదు. మంచిగలేదని వస్తె ఇద్దరం ఒక్క డబ్బల గోలీలు మింగుదం. ఎట్లొచ్చినా నీ పరీక్ష నువ్వే చేపిచ్చుకోవాలె బాపు, నీ బదులు ఇంకొకలు ఈ మంచం మీద పండరు. అంగి ఇప్పు."

సదయ్య చేతులకు గుండీలు అందలే. పిల్లనే ఒక్కొక్కటి ఇప్పింది. ఆయన మంచమెక్కి, డాక్టరమ్మ చెప్పినట్టు ఎడమ పక్కకు తిరిగి పండుకున్నడు.